నల్లబండ బయలు మీద గుమ్మటం

మృగశిర కార్తె, రెండో షెడ్డు

వెనక వచ్చే మందలోళ్ళకు తిప్పక్క మాట పట్టే బిళ్ళ నొక్కి చెప్పే దారి కబురు. మేము రెండో షెడ్డులో ఉండాం. తొట్టిలో నీళ్ళున్నాయి. పాచి వాసన కొడతాయి గానీ గొర్రెలు తాగుతాయి. మేత లేదు. షెడ్డు చుట్టూ కనుచూపు మేర గడ్డి వేళ్ళతో సహా అయిపోయింది.

ఈ పొద్దు జరిగింది చెప్పాల. మేము సంగటి తింటాంటే వాన మెసేజ్ వచ్చింది, మధ్యాహ్నం వాన, షెడ్డుకు చేరుకోండి అని. మొదట్లో వాన అమ్మేటోళ్ళు ముందురోజే చెప్పేటోళ్ళు. షెడ్డుకూ షెడ్డుకూ నడుమ దినం నడక ఉండేటట్టు కట్టిందే అందుకు. ఉగాది నాటికి అది ఒక పూటకొచ్చింది. ఇప్పుడు పూట కూడా లేదు. కింద పట్నాలోళ్ళు కొనుక్కున్న వాన వాళ్ళ మీద మెత్తగా పడతాది. వానమోడాన్ని వాళ్ళ దాకా తోలుకుపోయేటప్పుడు రాలే మంచుగడ్డలు మాత్రం ఈ మెట్ట మీదే రాలతాయి. మోడం తోలే డ్రోన్లను మేము తెల్లగద్దలంటాం. అవి గుట్ట మీద కనపడేసరికే పరుగు అందుకున్నాం. అయినా నాలుగు గొర్రెలు పోయినాయి. ఒకటైతే షెడ్డు వాకిలి ముందరే పడిపోయింది. దాన్ని కాళ్ళు పట్టి లోపలికి లాగినా. లాగి ఏం లాభం?

మందలో మేము ముగ్గురం. మా అన్న సిద్దప్ప, నేను, నఫీసా. నఫీసా మా కులంది కాదు, మా పనిదీ కాదు. కొండకింద సోలార్ తోటలో పలకలు బిగించే పని చేసేది. రాళ్ళవానకు ఆ పలకలన్నీ పగిలి తోట మూతపడింది. ఊరికి పోను మొహం చెల్లలేదేమో, ఎండాకాలం మా మంద వెంట నడవడం మొదలుపెట్టింది. ఇంతవరకూ ఆపలేదు.

అన్న సంగతి వెనకోళ్ళలో చాలామందికి తెలుసు. పోయినేడు ఇదే కార్తెలో బయట చిక్కుకున్నాడు. చచ్చిన పొట్టేలును మీదికి లాక్కొని దాని కింద పడుకుంటే ప్రాణం దక్కింది. ఎడమ భుజం ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి మోడం పడితే చాలు, కంబళి నెత్తిన కప్పుకొని గోడమూల చూసుకుంటాడు. ఈ పొద్దు కూడా అంతే. వాన నిలిచినాక పోయి ముసుగు తీసినా.

"పాపా, నేనింక ఈ షెడ్డు దాటి రాను. మీరు తిట్టుకున్నా సరే" అన్నాడు.

"మేత లేదు కదన్నా."

"నీళ్ళున్నన్నాళ్ళు ఉందాం."

నాకు కూర్చుంటే కాలు నిలవడం లేదు. లేచి వాకిట్లోకి పోతా, ఆకాశం చూస్తా, మళ్ళీ లోపలికొస్తా. మేత కావాలంటే పెన్న ఒడ్డుకే పోవాల. నడుమ నల్లబండ బయలుంది. రెండు దినాల దారి. చెట్టు లేదు, రాతిగుండు లేదు, షెడ్డు లేదు. మెసేజ్ ఒక పూట ముందొచ్చినా బయలు నడిమధ్యలో అది ఎందుకూ పనికిరాదు.

మృగశిర పోయే ముందు, రెండో షెడ్డు

నీళ్ళు సగానికొచ్చినాయి. దూరం పోయి కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మలతోనే నెట్టుకొస్తాండాం. గొర్రెలు ఒకదాని బొచ్చు ఒకటి కొరుక్కుంటాండాయి.

నఫీసా నన్ను సోలార్ తోటకు పిల్చుకుపోయింది. ఎందుకే అంటే చెప్పలేదు. తోట అంటే ఇప్పుడు గాజుపెంకుల గుట్ట, అంతే. నడిస్తే చెప్పు కింద పటపటమంటుంది. దాని నడుమ ఒక గుండ్రటి తెల్లటి గుమ్మటం, మనిషెత్తు ఉంటుంది. సిగ్నల్ పట్టే గొడుగు మీద గాలీ దుమ్మూ పడకుండా పెట్టిన మూతంట. చుట్టూ ఒక్క పలక మిగల్లేదు. ఆ మూతకు మాత్రం గీత కూడా పడలేదు.

"చూడక్కా. ఇనుము కాదు, ఏమీ కాదు. గట్టిగా తంతే నా కాలే దిగిపోతాది దాంట్లోకి. అయినా ఎట్ల నిలిచింది?" అనింది నఫీసా.

"నువ్వే చెప్పు."

"గుండ్రంగా ఉంది కాబట్టి రాయి నిలబడదు, జారిపోతాది. లోపల చూడు, అంతా మూడు మూలల ముక్కలే. ఒక పుల్ల మీద దెబ్బ పడితే అది పక్క పుల్లకిస్తాది, అది దాని పక్కదానికిస్తాది. నేల దాకా పంచుకుంటాయి. ఒక్కటీ ఒంటరిగా దెబ్బ తినదు."

వంగి లోపలికి చూసినా. నిజమే, పుల్లలన్నీ మూడుమూడుగా చేతులు పట్టుకున్నట్టు ఉన్నాయి.

"ఇట్లాంటిది మనం కట్టుకుందాం. మందకు సరిపోయేది. షెడ్డు మన దగ్గరికి రాదు కదా, మనమే ఎత్తుకుపోదాం" అనింది.

నవ్వొచ్చింది నాకు. తర్వాత నవ్వు ఆగిపోయింది. వెనక్కి వచ్చేటప్పుడు దారి పొడుగునా వదిలేసిన టమోటా తోటలే కనపడినాయి. రాళ్ళవాన మొదలైనాక ఈ పక్క టమోటా ఎవరూ పెట్టడం లేదు. చెట్లకు ఆనించిన వెదురు కట్టెలు అట్లే కుప్పలుగా పడి ఉన్నాయి. గట్ల మీద డ్రిప్పు పైపులు పాముల మాదిరి. ఎండిపోయిన నర్సరీలో ఆకుపచ్చ నీడవల చుట్టలు చుట్టలు. రోజూ చూసేవే. ఈ పొద్దు మాత్రం ఒక్కొక్కటీ నన్ను పిలిచినట్టే అనిపించింది.

ఆరుద్ర, రెండో షెడ్డు

ఎవరన్నా కట్టుకోవాలనుకుంటే వినండి. కట్టెలు రెండే కొలతలు. పొడుగుది అయిదడుగులు. పొట్టిది దానికంటే ఏడంగుళాలు తక్కువ. పొడుగువి ముప్పై అయిదు, పొట్టివి ముప్పై. పుచ్చినవి వద్దు. మోకాలికి అడ్డం పెట్టి వంచి చూడండి, టక్కుమనకపోతే మంచిది. డ్రిప్పు లావు పైపును జానెడు ముక్కలు కోసి, వేన్నీళ్ళలో మెత్తబెట్టి కట్టె కొనలకు తొడగాల. పైపు మిగులును చదునుగా నొక్కి తూటు పొడవాల. కొనలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి బోల్టు బిగిస్తే అదే కీలు. బోల్టులు సోలార్ తోటలో కావల్సినన్ని. నఫీసా స్పానరు ఆమె నడుముకే ఉంటాది ఎప్పుడూ.

మొదటిసారి తప్పు కట్టినాం. నడుమెత్తు లేచేదాకా బాగానే ఉంది. తర్వాత ఒక పక్క కుంగింది, ఇంకో పక్క పొట్ట పెట్టింది. నఫీసా చుట్టూ తిరుగుతాంది, విప్పుతాంది, బిగిస్తాంది. చెమట కారిపోతాంది ఆమెకు. నేను ఆకాశం చూస్తాండా. పడమర పక్క మబ్బు తునకలు.

షెడ్డు నీడలోంచి అన్న అరిచినాడు, "ఎవరన్నా వస్తారేమో, కోడిని కమ్మడానికి గంప కావాలంటే ఇచ్చి పంపండి!"

నఫీసా స్పానరు నేలకేసి కొట్టింది. "సిద్దన్నా, నోరు ఊరుకోకపోతే నీ కంబళి కూడా దీనికే కప్పేస్తా!"

"కప్పు తల్లీ. గాలికి పోయేదానికి కంబళెందుకు దండగ."

తప్పు ఎక్కడో నాకు సాయంత్రం దొరికింది. ఒక చోట పొట్టి కట్టె ఉండాల్సింది, పొడుగుది పెట్టినాం. దూరం నుంచి రెండూ ఒకేలా కనపడతాయి. గొర్రెల మీద గుర్తు వేసే ఎర్రరంగు డబ్బా తెచ్చి, పొట్టివాటి కొనలన్నీ దాంట్లో ముంచినా. ఎర్రకొనలవి ఎక్కడెక్కడ రావాలో నఫీసా నేల మీద గీసింది. అయిదు కట్టెలు కలిసే కీలుకు అయిదూ ఎర్రవే. అంతే లెక్క. మరుసటి రోజు పొద్దు తిరగకముందే గుమ్మటం నిలబడింది. నెత్తిన రెండు చేతులు ఎత్తినా అందనంత ఎత్తు. పక్కకు పదహారడుగులు. ఇద్దరం చెరో పక్క పట్టుకొని లేపితే లేచింది. ఒక బక్క పొట్టేలు బరువు కూడా లేదు.

దాని లోపల నిలబడి పైకి చూసినా. ఆకాశం మూడు మూలల ముక్కలై కనపడింది. ఎన్నాళ్ళ తర్వాతో దాన్ని భయం లేకుండా చూసినట్టుంది నాకు.

ఆరుద్ర, అదే షెడ్డు, గాలి రోజు

కప్పు రెండు పొరలు. లోపల పాత ఎలక్షన్ల ఫ్లెక్సీలు, ఎవరెవరో దండాలు పెడతా నవ్వే మొహాలు. బయట నీడవల, బిగుతుగా లాగి కట్టింది. రాయి ముందు వల మీద పడి ఎగరాల, అప్పుడు ఫ్లెక్సీ చినగదు. రెండూ కలిపి నెత్తికి పెట్టుకునే కుళ్ళాయి మాదిరి ఒకటిగా కుట్టినాం. గుమ్మటం మీద వేసి కిందికి లాగితే చాలు. ఒక పక్క వాకిలి కోసి, ఫ్లెక్సీ ముక్కను రెక్క మాదిరి వేలాడదీసినాం. వేళ్ళన్నీ సూది పోట్లే.

అది వేసి, తాళ్ళు కట్టి, ఎంత బాగుందో అని దూరంగా పోయి చూస్తాండాం. అంతలో గాలి వచ్చింది. రాళ్ళవాన కాదు, ఉత్త గాలి. గుమ్మటం ఒక పక్క లేచింది. మేకులు రెండు పీకుకొని వచ్చినాయి. తర్వాత పూర్తిగా లేచింది, పక్కకు ఒరిగింది, దొర్లింది. నవ్వే మొహాలన్నీ గిరగిరా తిరుగుతా బీడు మీద పోతాండాయి.

పరిగెత్తినాం. నఫీసా ముందు, నేను వెనక, మా వెనక మూటలు మోసే గాడిద, దేనికో దానికీ తెలియదు. తుమ్మకంపలో చిక్కుకుంది కాబట్టి దొరికింది. కట్టెలు తొమ్మిది విరిగినాయి. నఫీసా కంపలో కూర్చొని ఏడ్చేసింది.

"బరువు లేకుండా కట్టాలనుకున్నా. బరువు లేదు కాబట్టే పోయింది. బరువు పెడితే మోయలేం. ఇంక దీనికి దారి లేదక్కా."

"ఇసుక మూటలు పెడదాం."

"నల్లబండ మీద ఇసుక యాడుంది? మేకు దిగే నేల కూడా లేదు. అంతా బండే కదా!"

మోసుకొచ్చి మళ్ళీ నిలబెట్టినాం. విరిగినవి మారుస్తాంటే ఎండకు సూడిగొర్రెలు నాలుగు గుమ్మటం నీడలోకి దూరినాయి. ఫ్లెక్సీ అంచు లోపలికి మడిచి ఉంటే దాని మీదే పడుకున్నాయి. కుళ్ళాయి సర్దుదామని అంచు పట్టి లాగినా. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగినా. ఊహూ.

"నఫీసా, ఇట్ల రా. ఇది లాగు."

ఆమె లాగింది. నా మొహం చూసింది. ఇద్దరం ఒకేసారి గొర్రెల వైపు తిరిగినాం.

అంచు ఇంకా రెండు మూరలు పెంచి కుట్టినాం. చుట్టూ లోపలికి పరిస్తే గొర్రెలు దాని మీద నిలబడతాయి. బరువు మనం మోయక్కరలేదు. తన కాళ్ళతో తనే నడిచొస్తాది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, గుమ్మటం లోపల గొర్రెలు నిండుగా ఉంటేనే అది నిలబడేది. ఖాళీగా ఉంటే ఎగిరిపోతాది.

ఒక్కటే కట్టగలిగినాం. వల అయిపోయింది, ఫ్లెక్సీ అయిపోయింది. లోపల అరవై పడతాయి, గట్టిగా తోస్తే ఇంకొన్ని. మంద నూట ఎనభై. ఈ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు.

ఆరుద్ర చివర, బయలుదేరే పొద్దు

తొట్టి అడుగు కనపడింది. నిన్న రెండు ఈనినాయి, పాలు లేవు.

అన్నతో చివరిసారి మాట్లాడినా. రానన్నాడు. కోపం ఆగలేదు నాకు.

"నీ ఒక్కడి భయానికి ఇన్నిటిని ఎండబెట్టి చంపుతావా?"

"నీకు తెలియదు పాపా. ఆ పొట్టేలు నా మీద పడి ఉంది కదా, దానికి తగిలే ప్రతి దెబ్బ నాకు తెలిసేది. చచ్చినాక కూడా కొడతానే ఉన్నాయి."

కంబళి ఆయన కాళ్ళ మీద సర్ది బయటికి వచ్చేసినా. నఫీసా, నేను గుమ్మటం లోపల నిలబడి, అడ్డంగా కట్టిన దుంగను భుజాలకెత్తుకున్నాం. కప్పు అంతకుముందే విప్పి గాడిద మీద వేసినాం. గొర్రెలను అదిలించినా. కదల్లేదు.

ముందు నడిచేది బొల్లిగొర్రె. తల్లి చస్తే అన్న సీసాతో పాలు పట్టి పెంచింది దాన్ని. అది షెడ్డు వాకిలి వైపు తిరిగి నిలబడింది. దాని వెనక మందంతా నిలబడింది. అరిచినా, కట్టెతో తట్టినా, గాడిదను ముందు నడిపినా. ఒక్కటీ అడుగు వేయలేదు. బొల్లి షెడ్డులోకి చూసి ఒకసారి అరిచింది.

చాలాసేపటికి అన్న బయటికి వచ్చినాడు. మమ్మల్ని చూడలేదు. కంబళి నెత్తిన ముసుగేసుకొని, ఎవర్నో బూతులు తిడతా బొల్లి పక్కనుంచి నడిచి ముందుకు పోయినాడు. "హుర్ర్... బా, బా" అన్నాడు. నూట ఎనభై గొర్రెలూ ఒక్కసారి కదిలినాయి.

పునర్వసు, నల్లబండ బయలు, మొదటి మకాం

బయలులో ఎడమచేతి పక్క పల్లంలో నీళ్ళు చిన్న మడుగు. తాగొచ్చు.

బండ చదునుగా ఉండేది మా అదృష్టం. గుమ్మటం మోసేది కష్టం కాదు గానీ గాలి తిరిగినప్పుడల్లా అది మమ్మల్ని తిప్పుతాది. నఫీసా ఒకటే మాట్లాడతాంది. ఊరికి పోతే వాళ్ళ అమ్మ ఏమంటాదో, పోకపోతే ఏమంటాదో. నేను ఊ కొడతాండా, కళ్ళు పడమరనే.

నాలుగుసార్లు కప్పు వేసి తీసి చూసుకున్నాం. వేగం వచ్చింది. గొర్రెలు మాత్రం వాకిలి దూరవు. చీకటి బొక్క మాదిరి కనపడతాదేమో వాటికి. ఒకదాన్ని లోపలికి తోస్తే రెండు బయటికొస్తాయి. అన్న దూరంగా కూర్చొని చూసినాడు. సాయం పట్టలేదు, ఎగతాళి కూడా చేయలేదు.

మెసేజ్ ఏమీ రాలేదు. ఫోను తీసి చూడటం, లోపల పెట్టడం, మళ్ళీ తీయడం. గీతలన్నీ ఉన్నాయి, సిగ్నల్ ఉంది. మెసేజ్ లేదంటే వాన లేదనే కదా అర్థం?

పునర్వసు, నల్లబండ బయలు, రెండో రోజు

బిళ్ళ సరిగ్గా నొక్కినానో లేదో తెలియదు. చెప్పేస్తా.

మధ్యాహ్నం దాటింది. పెన్న ఒడ్డు పచ్చగా గీత మాదిరి కనపడతాంది. అన్న ముందు నడుస్తాండేటోడు ఉన్నట్టుండి నిలబడిపోయినాడు. గొర్రెలు నిలబడినాయి. ఆయన పడమరకు చూడలేదు. కంబళి కింద నుంచే, "వస్తాండాది" అన్నాడు.

"మెసేజ్ రాలేదన్నా."

"గాలి వాసన చూడు."

చూసినా. తడి ఇనుము వాసన. అప్పుడు కనపడినాయి తెల్లగద్దలు, మోడం ముందర వరసగా. మోడం రంగు చెప్పలేను. దెబ్బ తగిలి కమిలిన చోటు మాదిరి.

గుమ్మటం దించినాం. కుళ్ళాయి గాడిద మీదనుంచి లాగి వేసినాం. గాలి అప్పుడే అందుకుంది. నఫీసా ఒక అంచు మీద పడుకునేసింది. "గొర్రెలు! గొర్రెలు లోపలికి!" అని అరుస్తాంది. నేను తోస్తాండా. అవి దూరడం లేదు. వాకిలి దగ్గర వరకూ వస్తాయి, పక్కకు చీలిపోతాయి. గుమ్మటం ఒక పక్క చెయ్యెత్తు లేచింది, నఫీసాతో సహా.

అప్పుడు అన్న పరిగెత్తుకొచ్చినాడు. సాయానికి కాదు. దాక్కోవడానికి. నన్ను నెట్టేసి లోపలికి దూరి, నడుమ కుక్కిన పేను మాదిరి ముడుచుకొని కంబళి కప్పుకున్నాడు.

నాకు ఏం తోచిందో, లోపలికి తల పెట్టి అరిచినా, "అన్నా, అక్కడ్నుంచే పిలువు! బయటికి రావద్దు, ఉన్నచోటనే ఉండి పిలువు!"

ముందు వినపడనట్టే ఉన్నాడు. గుమ్మటం మీద తప్‌మని మొదటి రాయి పడింది. నిమ్మకాయంత. దాని తర్వాత ఇంకొకటి. కంబళి కింద నుంచి గొంతు లేచింది, "హుర్ర్... బా, బా, బా." వణికే గొంతే. అయినా ఆయన గొంతే. గొర్రెలు తిరిగినాయి. చీకటి బొక్క అనీ చూడలేదు, ఏమీ చూడలేదు. ఒకదాని వెనక ఒకటి, పిల్లలు కాళ్ళ సందున, ఆయన చుట్టూ చేరినాయి. అంచు మీద కాళ్ళు పడినాయి. గుమ్మటం లేవడం ఆగింది. నఫీసా, నేను చివరికి దూరినాం.

లోపల మోకాలు పెట్టే సందు లేదు. ఇంకా గొర్రెలు వాకిట్లో తోసుకుంటాండాయి. ముందున్న పిల్లలు నలుగుతాండాయి. వాకిలి పక్క కట్టె విల్లు మాదిరి వంగింది.

"అన్నా, చాలు! పిలవద్దు! వస్తే కట్టె విరుగుతాది, అందరం పోతాం!" నఫీసా అరిచింది.

ఆయన ఆపినాడు. నేను వాకిలి రెక్క దించి, దాని మీద కూర్చున్నా. బయట మిగిలినవి ఎన్నో నాకు తెలుసు. అప్పుడు పడింది అసలు రాళ్ళవాన.

చప్పుడు ఎట్లుందంటే, మా మాట మాకే వినపడలేదు. కట్టెలు మూలిగినాయి, కీళ్ళు కిర్రుమన్నాయి. ప్రతి రాయికీ గుమ్మటం మొత్తం ఒకసారి ఒళ్ళు జలదరించినట్టు కదిలేది, మళ్ళీ నిలబడేది. వల చినగలేదు. ఒక చోట కట్టె విరిగింది. దాని చుట్టూ ఉన్నవి పట్టుకున్నాయి. నఫీసా ఆ కీలును రెండు చేతులతో పైకి పట్టుకొని అట్లే నిలబడింది, కళ్ళు మూసుకొని.

మధ్యలో చప్పుడు కొంచెం తగ్గినప్పుడు బయటవాటి అరుపు వినపడింది. దాంట్లో బొల్లి గొంతు వేరుగా తెలిసింది. మందలో ముందు నడిచేది కదా, తిరిగినప్పుడు చివర పడింది. నా వీపుకు ఆనుకొనే ఉంది, రెక్కకు అవతల. మూతితో తోస్తాంది. అరుస్తాంది. అది ఎవర్ని పిలుస్తాందో నాకు తెలుసు.

అన్న తల ఎత్తినాడు. నోరు తెరిచినాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు, బయటవన్నీ ఈ రెక్క మీద వచ్చి పడతాయి. ఆయనకూ అది తెలుసు. చూస్తాండగానే కంబళి కొస నోట్లో కుక్కుకున్నాడు. రెండు చేతులతో పిల్లల్ని పట్టుకొని, కంబళి కొరుకుతా, కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తాండాడు. రాళ్ళంటే భయంతో మూల చూసుకునే మనిషి ఆ చప్పుడంతట్లోనూ మళ్ళీ ముసుగు వేసుకోలేదు. బొల్లి అరుస్తానే ఉంది. ఆయన పలకలేదు.

కొంతసేపటికి నా వీపు మీద తోపు ఆగిపోయింది.

మరుసటి రోజు, బయలు అంచు

బయట యాభై మూడు పోయినాయి. లోపల ఒక్క పిల్ల నలిగి పోయింది. గాడిద బతికింది. దాన్ని మేమెవ్వరం లోపలికి తేలేదు. ఎట్ల బతికిందో దానికే తెలియాల. ఒక చెవి లేదు.

మేము బయటికొచ్చి, మోకాలి లోతు మంచుగడ్డల్లో నిలబడి ఉన్నప్పుడు మెసేజ్ వచ్చింది. ఈ మధ్యాహ్నం వాన, షెడ్డుకు చేరుకోండి అని. నఫీసా ఫోనును చూసింది, బండ మీద పెట్టింది, కాలితో తొక్కబోయి ఆగింది. మళ్ళీ తీసి జేబులో వేసుకుంది.

అన్న చచ్చినవాటి మధ్య తిరిగినాడు. ఒక్కొక్కదాని దగ్గర కూర్చొని కళ్ళు మూసినాడు. బొల్లి వాటిల్లో లేదు. దూరంగా మిగిలిన గొర్రెల గుంపులో కుంటుతా నిలబడి ఉంది, ఒంటి మీద బొచ్చు ఊడి, కమిలిపోయి. అన్న నిలబడి పిలిచినాడు, "బా, బా, బొల్లీ."

అది ఆయన వైపు చూసింది. చూసి, తల దించుకొని పక్కకు పోయింది. దాని వెనక గుంపంతా పోయింది. లోపల ఉన్నవి మాత్రం ఆయన కాళ్ళ చుట్టూ ఉన్నాయి. మందకు మంద రెండుగా చీలింది.

అన్న ఇంకోసారి పిలవలేదు. ఈ పొద్దు నడకలో ఆయన ముందు లేడు. చివర, ఆ బయటవాటి వెనక, వాటికి దూరంగా నడిచినాడు. అవి నిలబడితే నిలబడినాడు. నేను పోయి పక్కన నడిస్తే, "నువ్వు ముందుకు పో పాపా" అన్నాడు. మళ్ళీ తనే, "నేను పిలిచి ఉంటే ఏమయ్యేది?" అని అడిగినాడు.

"లోపలవి కూడా పోయేవి. మనమూ పోయేటోళ్ళం."

"ఊ. అదే నేనూ అనుకుంటాండా" అన్నాడు. అనుకుంటున్నవాడి మొహం కాదది.

పునర్వసు, పెన్న ఒడ్డు

నీళ్ళు బాగున్నాయి. మేత నడుమెత్తు. మోడం లేదు. అయినా నాకు ఇంకా కాలు నిలవడం లేదు.

ఇక్కడ పాడుబడిన వెదురు తోపుంది. నఫీసా రెండో గుమ్మటానికి కట్టెలు కోస్తాంది. ఈసారి వాకిళ్ళు రెండు పెడతానంటాంది, ఎదురెదురుగా, తొందరగా దూరేటట్టు. వల కోసం నేను ఒడ్డెంబడి పల్లెలు తిరుగుతాండా. చేపల వలలు కూడా పనికొస్తాయనుకుంటా, కన్ను చిన్నగా ఉంటే చాలు.

అన్న ఇన్నాళ్ళూ ఈ బిళ్ళ ముట్టుకోలేదు. గోడకు చెప్పుకున్నట్టు ఉంటాదనేటోడు. ఈ పొద్దు మూడో గుమ్మటానికి కట్టెలు చెక్కేది ఆపి వచ్చి చెయ్యి చాపినాడు. ఇస్తాండా. ఇంక ఆయన మాటే వినండి.

"నేను సిద్దప్ప. ఈ బిళ్ళ పని చేస్తాందా పాపా? సరే. వెనకోళ్ళూ, షెడ్లలో కూర్చున్నోళ్ళూ, వినండి. మా చెల్లెలు కొలతలు చెప్పింది కదా, దాని ప్రకారం కట్టుకోండి. అది రాళ్ళకు నిలుస్తాది, నేను లోపల ఉండి చూసినా. గాలికి కూడా నిలుస్తాది, నిండుగా ఉంటే. ఆ రెండింటికీ మీరు భయపడొద్దండి. ఒకటి మాత్రం చెప్తా. ఒక గుమ్మటం కట్టినాం కదా, ఇంక చాలులే అని బయలు దిగొద్దండి. మీ మందలో ఎన్నున్నాయో అన్నిటికీ చాలేటన్ని కట్టండి. రెండు కావాలంటే రెండు, మూడు కావాలంటే మూడు. కట్టెలు లేకపోతే ఆగండి, గొర్రెలు బక్కచిక్కినా ఆగండి, నన్ను తిట్టుకున్నా ఆగండి. ఎందుకంటే, తక్కువ కట్టినారంటే మీలో ఎవరో ఒకరు లోపల కూర్చొని, బయట గొర్రెలు మీ పేరు పెట్టినట్టు అరుస్తాంటే పలకకుండా ఉండాల్సొస్తాది. నేను అట్ల ఉన్నా. ఇప్పుడు అవి నా దగ్గరికి రావడం లేదు. రావాల్సిన పని కూడా లేదు వాటికి. మూడోదానికి ఇంకా పన్నెండు పొడుగు కట్టెలు తక్కువున్నాయి, పోతాండా."